వీణదండికి నునుపు



చిరకాలము పిల్లలకు తెలుగు వ్యాకరణమును, కావ్యములను చెప్పి విశ్రాంతి పొందిన పంతులను నేను. అట్టి నేను నేడు కొయ్యపనిని గూర్చి, అందును కంప్యూటరుచే నడచు యంత్రముతో చేయు కొయ్యపనిని గూర్చి మాటాడబూనుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. నాకును మొదట వింతగానే తోచినది. కాని అవసరము మనుష్యుని ఏ బడికైనను పంపును. నన్నును పంపినది. ఆ బడిలో నేను నేర్చుకొన్న పాఠమును మీకు అప్పగించుటయే ఈనాటి ప్రసంగము.

మా ఇంట ఒక వీణ కలదు. అది నా భార్య పుట్టినింటినుండి తెచ్చుకొన్నది. ఒకే మ్రానునుండి తొలిచిన ఏకాండవీణ కాదు. కుండయు, దండియు, యాళిముఖమును వేఱువేఱుగా చేసి అతికినది. ఆమె గతించిన తరువాత అది చాలకాలము గోడకు ఆనుకొనియుండి, ఒకనాడు నేలబడి, దండి నిలువునా చీలిపోయినది. అతుకు వేసినను తంత్రుల బిగువునకు నిలువదనియు, క్రొత్తదండి వేయవలసినదే యనియు తెలిసినవారు చెప్పిరి. మా పెరటి పనసచెట్టు గాలివానకు కూలినప్పుడు కోయించి అటకమీద పెట్టిన దిమ్మలు రెండుండెను. ఆ చెట్టును నాటినదియు ఆమెయే. కావున దండి ఆ కఱ్ఱతోనే కావలెనని నాకు పట్టుదల కలిగినది. దిమ్మలు రెండే, పోయినచో మఱల దొరకునవి కావు.

నా పూర్వశిష్యుడొకడు తలుపులకు పూలచెక్కడములు చేయు యంత్రమొకటి పెట్టుకొని, దానితోనే గిటారుమెడలు కూడ చేయుచున్నాడు. "మాస్టారూ, దండిని నేను చేసి యిచ్చెదను" అని అతడు ముందుకు వచ్చెను. మొదటి దిమ్మ పాడైనది. ఆ తప్పులో అతని పాలు కొంచెము, నా పాలు ఎక్కువ. ఎట్లో ముందు చెప్పెదను.

ఆ యంత్రమును పనివారు సీఎన్సీ యందురు. అనగా కంప్యూటరు అంకెలచే ఏలబడు యంత్రమని భావము. ఒక ఇనుపచట్టము, దానిపై అటునిటు, ముందువెనుకలకు, మీదికిక్రిందికి కదలు ఒక తల, ఆ తలలో గిరగిర తిరుగు కోతకత్తి. మనము కోరిన రూపమును కంప్యూటరులో గీచినచో, అది ఆ రూపమును కత్తి నడువవలసిన బాటలుగా విడగొట్టి, అంకెల ఆజ్ఞలుగా వ్రాసిపెట్టును. "జీ సున్న" యన్నచో కోయక వడిగా తరలిపొమ్మని; "జీ ఒకటి" యన్నచో కోయుచు తిన్నగా పొమ్మని; "జీ రెండు", "జీ మూడు" అన్నచో వంపుగా పొమ్మని అర్థము. "ఎఫ్" అను నక్షరము వెంటనున్న అంకె నడక వేగమును, "ఎస్" వెంటనున్న అంకె కత్తి తిరుగు వేగమును తెలుపును. సూత్రములకు అలవడిన మావంటివారికి ఇది క్రొత్తగా తోచదు. కొద్ది అక్షరములలో పెద్ద అర్థము నిముడ్చుటయే కదా సూత్రము!

ఈ ఊహకు మూలము మగ్గమునందే యున్నది. ఫ్రాన్సు దేశమున జక్కార్డు అనునాతడు 1804 ప్రాంతమున, చిల్లులు పొడిచిన అట్టలచే మగ్గమునకు పువ్వుల నేత నేర్పెను. అమెరికాలో జాన్ పార్సన్సు అనునాతడు హెలికాప్టరు రెక్కల కొలతలతో కుస్తీపట్టుచు, కోతయంత్రమును అంకెలచే నడుపవచ్చునను ఊహను ముందుకు తెచ్చెను. 1952లో మసాచుసెట్సు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీవారు, చిల్లుల నాడాచే నడచు కోతయంత్రమును లోకమునకు చూపిరి. ఇనుమును కోయుటకు పుట్టిన విద్య పిమ్మట కఱ్ఱకును వచ్చినది. ఇక్కడనే చిక్కంతయు ఉన్నది. ఏలయన ఇనుము అన్నివైపుల నొక్కటే. కఱ్ఱ యట్లుకాదు.

కఱ్ఱ యన నేమి? కొబ్బరియీనెల చీపురుకట్టను తలచుకొనుడు. ఈనెలన్నియు ఒకే దిక్కున ఒదిగి, జిగురుతో అంటుకొనియున్నట్లు భావింపుడు. కఱ్ఱ అట్టిది. ఆ ఈనెలనే మనము పోగులందుము. కట్టను నిలువునా నిమిరినచో చేతికి మెత్తగా నుండును; ఎదురుగా నిమిరినచో మొనలు గ్రుచ్చుకొనును. దండి కొనలయందు సన్నగిల్లును గదా! అక్కడ పోగులు పైపొరకు వచ్చి తెగిపోవుచుండును. దళసరివైపునుండి సన్నవైపునకు కత్తి నడచినచో ప్రతి పోగునకును అడుగున మఱియొక పోగు ఆధారమై నిలుచును; తెగిన పోగు శుభ్రముగా తెగును. సన్నవైపునుండి దళసరివైపునకు నడచినచో కత్తిమొన పోగుల సందున దూఱి, పైకి లేపి, తాను పోవలసిన లోతుకన్న క్రిందినుండి చీల్చుకొనివచ్చును. చిత్రిక పట్టు వడ్రంగి ఈ సంగతిని పుస్తకము చదువకయే యెఱుగును. చిత్రిక చేతిలో తడబడినంతనే అతడు చెక్కను త్రిప్పి పట్టుకొనును. యంత్రమునకు ఆ తడబాటు తెలియదు. దానికి అంకెలున్నవి గాని అఱచేయి లేదు. కావున ఆ అఱచేతి జ్ఞానమును మనమే ముందుగా అంకెలలో చేర్చి యియ్యవలెను. ఈ ఒక్క మాటను మీరు జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన ప్రసంగమంతయు దీని వ్యాఖ్యానమే.

మొదట కఱ్ఱ ఎంపిక. దిమ్మ చక్కగా ఆఱియుండవలెను. వాద్యములకు పనికివచ్చు కఱ్ఱలో నీరు నూటికి 8 మొదలు 12 పాళ్లవఱకు మాత్రమే యుండుట మేలు. కడలితీరపు ఊళ్లలో గాలియే తేమగా నుండుటచే పై అంకెకు దగ్గరగా నుండును. పచ్చికఱ్ఱను ఎంత పదునైన కత్తితో కోసినను పోగులు తెగుటకు బదులు వంగి, పిమ్మట నూగువలె లేచి నిలుచును. చేవయున్న భాగమునే తీసికొని, ముడులను విడువవలెను. ముడిచుట్టును పోగులు సుడితిరిగి యుండుటచే, అచ్చట అనుకూలదిశ యనునదే యుండదు.

పిమ్మట కత్తి. యంత్రము వేలరూపాయలదైనను లక్షలదైనను కఱ్ఱను తాకునది కత్తియంచు మాత్రమే. మొద్దుకత్తి పోగును కోయదు, నలిపి త్రెంచును. నునుపు మొదట చెడునది ఇక్కడనే. పనసకఱ్ఱలోని జిగురు వేడికి కరగి అంచునకు అంటుకొని నల్లబడును. అప్పుడు పదునుకత్తియు మొద్దుకత్తివలెనే ప్రవర్తించును. కావున పని నడుమ కత్తిని తీసి జిగురును కడిగి మఱల బిగింపవలెను. కత్తిని పట్టియుంచు పిడికిలికి కాలెట్టని పేరు. అందులో పొట్టు ఇఱుకుకొన్నచో కత్తి ఇసుమంత ప్రక్కకు ఒరగి తిరుగును. రెండంచుల కత్తిలో ఒక అంచు మాత్రమే కోయుచు, రెండవది గాలిలో ఊరక తిరుగుచుండును. కఱ్ఱమీద సన్నని అలలవంటి గీతలు కనబడినచో అంకెలను మార్చుటకు ముందు కాలెట్టును తుడిచిచూడుడు.

కత్తులలోను జాతులున్నవి. పొట్టును మీదికి ఎత్తివేయు మెలికకత్తి గాడిని శుభ్రముగా నుంచును గాని, పై అంచును పీచుపీచుగా లేపును. పొట్టును క్రిందికి అణచు మెలికకత్తి పై అంచును నున్నగా నుంచును గాని, లోతుగాడిలో పొట్టు క్రిక్కిఱిసి వేడెక్కును. వంపుల పనికి గుండ్రనిమొన కత్తి కావలెను. దండి వెలుపలి గుండ్రతనమునకు వాడునది ఇదియే.

ఇక నా తప్పు సంగతి. మొదటి దిమ్మను యంత్రముమీద బిగించిననాడు నేను ప్రక్కనే నిలిచియుంటిని. కత్తి చక్రము నిమిషమునకు 18,000 మాఱులు తిరుగుచుండెను. శిష్యుడు నడక వేగమును వ్రాయబోవుచుండగా నేను, "నాయనా, నిదానమే ప్రధానము. నెమ్మదిగా నడిపింపుము. నునుపు వచ్చును" అంటిని. గురువు మాటను కాదనలేక అతడు నిమిషమునకు 900 మిల్లీమీటర్ల నడక పెట్టెను. కొంతసేపటికి కీచుమను ధ్వని పుట్టినది. మాడిన వాసన వచ్చినది. పసుపువన్నె దండిమీద నల్లని చారలు తేలినవి.

ఏల యిట్లు జరిగెను? లెక్క చూడుడు. కత్తికి రెండంచులు, 18,000 చుట్లు, అనగా నిమిషమునకు 36,000 కోతలు. 900 మిల్లీమీటర్లను 36,000 చే భాగించినచో ఒక్కొక్క కోతకు వచ్చునది 0.025 మిల్లీమీటరు. అంత పలుచనిదానిని అంచు కఱచుకొనజాలదు. కోయుటకు మాఱు రాచుకొనును. రాపిడిచే వేడి పుట్టును. సాధారణముగా ఆ వేడిని మోసికొనిపోవునది తెగిపడు పొట్టే. పొట్టు దళసరిగా లేనిచో వేడి కత్తిలోను కఱ్ఱలోను నిలిచిపోవును. అదియే నడక 3,600 మిల్లీమీటర్లు ఉన్నచో ఒక్కొక్క కోతకు 0.1 మిల్లీమీటరు వచ్చును. అప్పుడు అంచు కఱచును, పొట్టు తెగును, వేడి దానితో పోవును. కావున ఈ పనిలో నిదానము ప్రధానము కాదు. కోత దళసరియే ప్రధానము. నడక మఱీ వడియైనచో కత్తి వంగును, పోగులు చీలును. నడకను పెంచుటకు యంత్రము చాలనిచో తిరుగు వేగమునైనను తగ్గింపవచ్చును. రెంటి పొత్తును చూడవలెను గాని, ఒక్కదానిని చూచి లాభము లేదు.

ఈ పొత్తు కుదిరినదో లేదో తెలిసికొనుటకు వాద్యప్రియులకు సులువైన మార్గమున్నది. వినుడు. సరియైన కోతలో ధ్వని నిండుగా, ఒకే శ్రుతిలో నడచును. కీచుమన్నచో రాపిడి, దడదడమన్నచో వణకు. క్రిందపడిన పొట్టును వ్రేళ్లతో తీసి చూడుడు. రవ్వవలె పలుకుగా నున్నచో మంచిది. పిండివలె మెత్తగా నున్నచో కత్తి కోయుటలేదు, అఱగదీయుచున్నదని తెలిసికొనవలెను.

మఱియొక లెక్క చాళ్లది. గుండ్రనిమొన కత్తి ప్రక్కప్రక్కగా నడచినప్పుడు, దున్నిన పొలమునందువలె చాలునకు చాలునకు నడుమ సన్నని గట్టు మిగులును. చేతికి గరుకుగా తగులునది ఆ గట్టే. దాని ఎత్తును ముందే లెక్కింపవచ్చును. చాళ్లనడుమ దూరమును దానిచేతనే గుణించి, మొన వ్యాసార్ధమునకు ఎనిమిది రెట్లచే భాగింపవలెను. 6 మిల్లీమీటర్ల కత్తికి వ్యాసార్ధము 3. చాళ్ల దూరము 1.2 మిల్లీమీటరైనచో గట్టు ఎత్తు 0.06 మిల్లీమీటరు. దూరమును సగము చేసి 0.6 గా పెట్టినచో గట్టు 0.015 మాత్రమే. అనగా దూరము సగమైన గట్టు నాలుగవవంతగును. 12 మిల్లీమీటర్ల పెద్దకత్తిని వాడినచో అదే 0.6 దూరమునకు గట్టు ఇంకను సగమగును. వెలుపలికి ఉబ్బిన దండివంటి తలమునకు, ఇఱుకులు లేవు గనుక, పెద్దకత్తియే లాభకరము.

అట్లయినచో చాళ్లను ఇంకను దగ్గర చేయరాదా యని మీరడుగవచ్చును. కాలము ఖర్చగును. 600 మిల్లీమీటర్ల పొడవు, వంపు వెంబడి 120 మిల్లీమీటర్ల వెడల్పుగల తలమును 0.6 దూరమున దున్నుటకు 200 చాళ్లు. 3,600 వేగమున సుమారు 33 నిమిషములు. దూరమును 0.3 చేసినచో 67 నిమిషములు. అప్పటి గట్టు 0.004 మిల్లీమీటరునకును తక్కువ. కాని పనసకఱ్ఱలోని సహజరంధ్రములు కంటికే కనబడునంత పెద్దవి. కఱ్ఱ తనకు తానే అంతకన్న గరుకుగా నుండగా, గట్టును ఇంకను తగ్గించి ఫలమేమి? యంత్రము ఎంతవఱకు పనిచేయవలెనో కఱ్ఱయే నిర్ణయించును.

చాళ్లు ఏ దిక్కున నడువవలెను? దండి పొడవువెంబడి, పోగులవెంబడి. అడ్డముగా దున్నినచో గట్లు పోగులకు అడ్డముగా నిలిచి, వాటిని తీయునప్పుడు గీతలు పడును. ఆ గీతలు లక్కవార్నీషు పూసిన తరువాత ఎత్తి చూపినట్లు కనబడును. పొడవువెంబడి నడచినను కొనలయందు ముందు చెప్పిన నియమము పాటింపవలెను. దండి నడిమినుండి ఇరుకొనలకు, దళసరినుండి సన్నమునకు కత్తి దిగునట్లు బాటను రెండుగా విభజింపవలెను. మొదటి దిమ్మలో మేమది చేయలేదు. యాళివైపు కొనలో కత్తి పోగులకెదురుగా ఎక్కి, గోరంత లోతున పెచ్చు లేపినది. మాడిన చారలనైనను గీకివేయవచ్చునుగాని, ఆ పెచ్చును పూడ్చు మందు లేదు. దిమ్మ పోయినది. ఆనాడు ఇంటికి వచ్చి నేను అన్నము తినలేదు.

ప్రక్కలను కోయునప్పుడు ఇంకొక భేదము కలదు. అంచు కఱ్ఱలో మొదట దళసరిగా దిగి పలుచగా వెలువడు రీతి ఒకటి. మొదట పలుచగా దిగి దళసరిగా వెలువడు రీతి వేఱొకటి. రెండవదానిలో వెలువడునపుడు పోగులను పెకలించు ప్రమాదమున్నది. మొదటిది తఱచు నునుపైనది. చేతితో పట్టుకొను యంత్రమున ఈ మొదటిరీతి కత్తిని ముందుకు లాగుకొనిపోవును గనుక అపాయకరము. గట్టిచట్టముగల యంత్రమున ఆ భయము తక్కువ. అయినను ఏ రీతి కుదురునో అదే దిమ్మ తునకమీద ముందుగా పరీక్షించుట ఉత్తమము. మాకు మొదటి దిమ్మ ఆ పరీక్షకే పనికివచ్చినది. అంత వెలగల తునక యింకెవ్వరికిని దొరకకుండుగాక!

బిగింపును గూర్చి రెండు మాటలు. కఱ్ఱ వణకినచో నునుపు లేదు. దండి లోపల డొల్ల. ముందుగా లోపలను పూర్తిగా తొలిచివేసి వెలుపలికి వచ్చినచో, పలుచని గోడ డప్పువలె వణకుచు అలలు చూపును. కావున రెండవ దిమ్మకు మేము క్రమము మార్చితిమి. మొదట రెండువైపులను మోటుగా చెక్కి, అంతటను 3 మిల్లీమీటర్ల కఱ్ఱను అదనముగా విడిచితిమి. మూడువారములు నీడను ఉంచితిమి. దిమ్మలోనుండి ఎక్కువ కఱ్ఱ పోయినప్పుడు లోపలి బిగువులు సడలి, మిగిలినది కొంచెము మెలితిరుగును. నిజముగానే మాది వెండ్రుకవాసి తిరిగినది. ఆ తిరుగుడు తీఱిన తరువాత అడుగుతలమును చిత్రికతో సరిచేసి, వెలుపలిభాగమును ముగించి, పిమ్మట దానికి సరిపడు గాడిచెక్కలో పరుండబెట్టి, లోపలిభాగమును ముగించితిమి. కడపటి కోతకు అర మిల్లీమీటరు మాత్రము మిగిల్చి, క్రొత్తకత్తితో ఒక్కసారి నడిపితిమి. ఈమాఱు శిష్యుడు నన్ను నోరు తెఱవనియ్యలేదు. "మాస్టారూ, మీరు విని చెప్పుడు చాలు" అనెను. నేను విని చెప్పితిని.

యంత్రము ఆగినంతనే పని ముగియలేదు. మిగిలిన గట్లను ఉక్కురేకుతో పోగువెంబడి గీకవలెను. ఉప్పుకాగితముకన్న ముందు రేకును వాడుటకు కారణమున్నది. రేకు పోగును కోయును. కాగితము పోగును అఱగదీసి, ఆ పొడితో రంధ్రములను మూయును. తరువాత 120, 180, 240 అంకెల కాగితములను వరుసగా, ఏ మెట్టును దాటవేయక, పోగువెంబడి రుద్దవలెను. ఒక్కొక్క కాగితము ముందటి కాగితపు గీతలను మాత్రమే తీయగలదు గాని, దానికి ముందటివానిని తీయలేదు. అటుపిమ్మట తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆఱనిచ్చినచో అణగియున్న నూగు లేచి నిలుచును. దానిని సన్నకాగితముతో తేలికగా తీసివేసిన పిదప పూతకు సిద్ధమగును. ఈ తడిపనిని మానినచో, మొదటిపూతలోని తడికే నూగు లేచి, చేసిన పని వ్యర్థమగును.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొయ్యదుమ్ము చూచుటకు సాధువువలె నుండును. కాని అది సాధువు కాదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1995లో కొయ్యదుమ్మును మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. మూతికి గుడ్డ కట్టుకొనుట చాలదు. దుమ్మును పుట్టినచోటనే పీల్చు గొట్టమును, ముక్కునకు సరియైన ముసుగును అవసరము. నునుపుకొఱకు ఊపిరిని గరుకు చేసికొనరాదు.

అంతటను నునుపు కోరుటయు తగదు. జిగురుతో అతుకవలసిన తలములను పదునుకత్తి కోసిన స్థితిలోనే విడువవలెను. రుద్ది మెఱుగుపెట్టినచో, మాడి నల్లబడినచో, జిగురు పట్టు తగ్గును. బిరడాలు మఱీ నున్ననైనచో తంత్రి బిగువునకు జారి శ్రుతి దిగిపోవును. అందుచేతనే వైణికులు బిరడాకు సుద్ద పూయుదురు. చేయి జారవలసినచోట నునుపు, పట్టు నిలువవలసినచోట నిగ్రహము. వీణయందే కాదు, బ్రతుకునందును ఇంతే.

కడపట ఒక ప్రశ్న మిగిలినది. ఇట్టి యంత్రములు వచ్చిన తరువాత ఉలిపట్టిన చేతుల గతి యేమి? బొబ్బిలి ప్రక్కనున్న గొల్లపల్లి శిల్పులు ఒకే పనసమ్రానునుండి వీణను తొలిచి తీయుటకు ప్రసిద్ధులు. ఆ వీణకు భౌగోళికసూచి గుర్తింపును కలదు. కుండ గోడ ఎక్కడ పలుచన కావలెనో, మైనముపై ఇరువదినాలుగు మెట్లను ఏ వెండ్రుకవాసిలో నిలుపవలెనో చెప్పునది చెవి. అది ఏ అంకెలకును లొంగినది కాదు. మోటుచెక్కుడును, ఒకేతీరు మెడలును యంత్రమునకు అప్పగించినచో శిల్పి భుజము అలయదు. అతని చెవి, అఱచేయి మాత్రము సెలవు పుచ్చుకొనరాదు. నేను చూచినంతలో, మంచి యంత్రపుపని చేయువాడు మొదట మంచి వడ్రంగి కావలెను. కఱ్ఱ నెఱుగనివాడు వ్రాసిన అంకెలు, అర్థమెఱుగనివాడు వల్లించిన శ్లోకమువంటివి.

రెండవ దండి చక్కగా వచ్చినది. వైణికశిల్పి యొకడు దానిని పాతకుండకు అతికి, మెట్లు పెట్టి, తంత్రులు బిగించెను. పాతకుండ ముదురువన్నె; క్రొత్తదండి పచ్చపసుపు. "కొన్నియేండ్లలో రెండును కలిసిపోవును, పనసకఱ్ఱ కాలముతో ముదురును" అని అతడు చెప్పెను. మొన్న మా మనుమరాలు వీణను ఒడిలో పెట్టుకొని, ఎడమచేతిని దండి అడుగున పోనిచ్చి, పైకిని క్రిందికిని నడిపి, "తాతయ్యా, చేయి ఎక్కడను తగులుకొనుట లేదు" అనినది. ఆ మాట కొఱకే గదా ఇన్ని లెక్కలు!